నెమలి ముక్కు వంకరపోయిన అట్ట

మొన్న మా మనవరాలు ఇంటర్ పుస్తకం ముందేసుకుని, కణం మాంసకృత్తులను ఎట్లా తయారుచేస్తుందో ఎంతకీ తలకెక్కక విసుక్కుంటుంటే, నేను అటక మీది పెట్టెలోంచి చిల్లులు పొడిచిన పాత జకార్డు అట్ట తీసి దాని ముందు పెట్టాను. పరీక్షకు ఇదెందుకు తాతా అని నవ్వింది. నా ఈడు వాళ్ళు నవ్వరనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

సిరిసిల్లలో మా బాపు మగ్గాలకు అట్టలు కొట్టేవారు. చీర అంచు నమూనా గీసిన గళ్ళ కాగితాన్ని పెట్టె దాటనిచ్చేవారు కాదు. దానికి నకలు తీసి, ఆ నకలు చూసుకుంటూ అట్టలకు చిల్లులు పొడిస్తే, చిల్లులను బట్టి మగ్గం పోగులను లేపేది. ఒకసారి ఒక్క చిల్లు తప్పి, అంచు పొడుగునా ప్రతి నెమలికీ ముక్కు వంకరగా వచ్చింది. ఆ అట్టే ఇది.

ఏడో తరగతితో బడి మానేసినా, మగ్గం దిగగానే గ్రంథాలయానికి పోవడం నాకు అలవాటు. కణం నడిమి కేంద్రకంలో అసలు రాత భద్రంగా ఉంటుందనీ, దాని నకలు మాత్రమే బయటికి వస్తుందనీ, ఆ నకలులోని అక్షరాలను మూడేసి చొప్పున చదువుకుంటూ, ఒక్కో మూడింటికి ఒక అమైనో ఆమ్లాన్ని గుచ్చుకుంటూ పోతే ఆ గొలుసే మాంసకృత్తి అవుతుందనీ, ఒక్క అక్షరం మారితే నెత్తురులోని ఎర్రకణమే కొడవలిలా వంగుతుందనీ అక్కడే ఒక పుస్తకంలో చదివాను. ఇది మా బాపు పనే గదా అని పొంగిపోయాను. ఇంతలో మూసే వేళైందని గంట కొడితే లేచి వచ్చేశాను.

మందమర్రిలో ఇచ్చిన మా అక్క అప్పటికే మూడేళ్ళ బిడ్డతో పుట్టింట్లో ఉంది. బిడ్డకు మాటిమాటికీ ఒళ్ళునొప్పులు, కళ్ళు పచ్చబడటం. డాక్టరు అదే కొడవలి కణాల జబ్బని, వంశంలోంచి వచ్చేదని చెబితే, వంశమంటే కోడలిదేనని అత్త తేల్చి పంపించేసింది. బొగ్గుబాయిలో పనిచేసే బావ తల్లికి ఎదురు చెప్పలేదు.

నేను అట్ట చంకన పెట్టుకుని మందమర్రి పోయి, తప్పు అక్కది కాదు, ఒక్క చిల్లుదని అత్తకు ఎంతో గర్వంగా వివరించాను. ఆమె అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

“అంటే తప్పు చిల్లు మీ ఇంటి అట్టలదే గద పిలగా! నీ నోటితోనే చెప్పినవ్, మంచిగైంది.”

అట్ట మళ్ళీ చంకన పెట్టుకుని తిరిగివచ్చాను. మిగతా పేజీలు చదువుదామని గ్రంథాలయానికి పోతే ఆ పుస్తకాన్ని ఎవరో ఇంటికి తీసుకుపోయారు. అది తిరిగి వచ్చేదాకా పక్షం రోజులు అక్క నాతో మాట్లాడలేదు. చదవకుండా వదిలేసిన పేజీల్లోనే ఉంది సంగతంతా. ప్రతి బిడ్డకూ తల్లి నుంచి ఒక అట్టల కట్ట, తండ్రి నుంచి ఒక అట్టల కట్ట అందుతాయి. ఒకటి తప్పైనా రెండోది పని సాగిస్తుంది, రెండూ తప్పైతేనే ఈ జబ్బు. మళ్ళీ పోయి బావకు ఒక్కడికే చెప్పాను. ఆయన వరంగల్ పోయి నెత్తురు చూపించుకున్నాడు. ఆయనలోనూ అదే తప్పు, అక్కలోలాగే, సగం.

బావ ఇంటికొచ్చి ఆ సంగతి అత్తకు చెప్పాడట. పొద్దుగూకే వేళకు కొడుకుతో అన్నదట, “పోయి కోడల్ని తోల్కరా. మనింటి అట్ట గూడ గసొంటిదేనంట.”

మేనకోడలు పదహారేళ్ళు బతికింది. నొప్పి లేచినప్పుడల్లా దాని కాళ్ళు ఒత్తింది ఆ నాయనమ్మే.

ఇప్పుడు సిరిసిల్లలో అట్టలు కొట్టేవాళ్ళు కనబడరు, నమూనాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. బిడ్డ పుట్టకముందే నెత్తుటి చుక్కతో తల్లిదండ్రులిద్దరి రాతలూ చూస్తున్నారు. మనవరాలి ఫోనుకు మూసే గంట లేదు, కావలసినన్ని పేజీలు తిప్పుకోవచ్చు. ఆనాడు ఇంకో నాలుగు పేజీల సేపు గంట కొట్టకుండా ఆగి ఉంటే, మా అక్క ఆ పక్షం రోజులు నన్ను చూసి మొహం తిప్పుకునేది కాదు గదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.