డెబ్బై మూడు అని రాసింది నేనే

ఒక సంఖ్య ఇరవై అయిదేళ్ళుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. దిగమంటే దిగదు. ఎవరికైనా చెబుదామంటే నాకున్న పేరే అడ్డం. నేను కోతలు కోసేవాణ్ణని బందరులో అందరికీ తెలుసు. గుడివాడ వెళ్తూ పామర్రులో బస్సు ఆగిన పది నిమిషాల్లో, బండిచక్రమంత పీతను పట్టిన మా తాత కథ చెప్పి, కండక్టరు చేత "నిజవేనాండీ?" అనిపించినవాణ్ణి. అలాంటివాడు నిజం చెబితే ఎవరు వింటారు? మీకు నా మొహం తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

బందరు కాలేజీలో నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పుడు డెబ్బై ఏడు ఉప్పెన వచ్చింది. మస్తాన్‌ది దివిసీమ, మోపిదేవి అవతల ఊరు. వాళ్ళ నాన్న దర్జీ. ఇల్లు పోయింది, కుట్టుమిషను పోయింది. ఇంట్లోవాళ్ళు మిగిలారు. నెల తర్వాత ఎవరిదో చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చాడు. క్లాసులో మొదటివాడు వాడే. నన్ను "బావా" అనేవాడు. ల్యాబులో మా ఇద్దరిదీ పక్కపక్క బల్ల.

దివిసీమ కుర్రాళ్ళ నోట్సులన్నీ నీళ్ళలో పోయాయి. అందుకని మేము తలో సబ్జెక్టూ పంచుకుని, తెల్లకాగితాల మీద ఎక్కించి, దారంతో కుట్టి ఇచ్చాం. ఎవరూ చెప్పకుండానే అందరూ చేసిన పని అది. మస్తాన్‌కి ఆర్గానిక్ కెమిస్ట్రీ రాసి ఇవ్వడం నా వంతు.

సరిగ్గా ఆ వారంలోనే నాకు ద్రోహం జరిగింది. జరిగిందనే అనుకున్నాను.

నేను ల్యాబులో ప్రయోగాలు చేసేవాణ్ణి కాదు. బ్యూరెట్టు అనే కొలత గొట్టం ముందు నిలబడి కబుర్లు చెప్పి, రీడింగులు నా బుర్రలోంచి పుట్టించి రికార్డులో రాసేవాణ్ణి. ఆ సంగతి మస్తాన్‌కొక్కడికే తెలుసు. ఒక సాయంత్రం వాడు లెక్చరర్ గారి గదిలోంచి బయటికి రావడం చూశాను. మర్నాడు ఆయన నన్ను పిలిచి, రికార్డు బల్ల మీద పడేసి, అన్ని ప్రయోగాలూ మళ్ళీ చెయ్యమన్నారు. ఇంకెవరు చెప్పి ఉంటారు? నా పక్కన నిలబడి నవ్వినవాడే వెళ్ళి చెప్పాడు! నేను ఎవరికీ పెద్దగా ఏమీ ఇచ్చినవాణ్ణి కాను, వాడికి మాత్రం నమ్మకం ఇచ్చాను. అడగొచ్చు కదా వాణ్ణి? అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని భయం. నాకు అప్పటికి కోపమే కావాలి.

ఆ రాత్రుల్లో నోట్సు రాస్తూ బంధశక్తుల పట్టిక దగ్గరికి వచ్చాను. లెక్క చాలా తేలిక. పాత బంధాలు తెంచడానికి వేడి ఖర్చవుతుంది, కొత్తవి ముడిపడితే వేడి వస్తుంది. తెంచినవాటి మొత్తంలోంచి కట్టినవాటి మొత్తం తీసేస్తే చర్యలో వేడి పుడుతుందో, పీల్చుకుంటుందో తెలిసిపోతుంది. మీథేను, క్లోరిన్ కలిస్తే తెగేవి నూట నాలుగు, యాభై ఎనిమిది. కట్టుకునేవి ఎనభై నాలుగు, నూట మూడు. పాతిక కిలోకేలరీల వేడి బయటికొస్తుంది. ఆ చివరి నూట మూడు, హైడ్రోజన్ క్లోరిన్ల బంధానిది. దాని బదులు డెబ్బై మూడు అని రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను.

బంధాలు తెగడం గురించి ఇక్కడ ఒక పెద్ద పోలిక చెప్పొచ్చు. చెప్పను. నాబోటివాడికి పోలికలు ఊరికే దొరుకుతాయి.

తర్వాత కొన్నాళ్ళకి ఒక ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగానికి మా కాలేజీ నుంచి ఒకణ్ణి పంపమన్నారు. పరీక్షలయ్యాక చేరొచ్చు. మస్తాన్ ఇంటికి అంతకంటే కావలసింది లేదు. లెక్చరర్ గారు మార్కుల్లో ముందున్న మమ్మల్నిద్దరినీ బోర్డు దగ్గరికి పిలిచి, పట్టిక చూడకుండా అదే లెక్క చెయ్యమన్నారు. ముందు మస్తాన్. వాడు తడుముకోకుండా రాశాడు. తెగినవి నూట అరవై రెండు, కట్టుకున్నవి నూట యాభై ఏడు. అయిదు కిలోకేలరీలు పీల్చుకుంటుంది.

"ఎండలో పెడితే పేలిపోయేదాన్ని ఐసుగడ్డ చేశావేంటయ్యా?" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత సుద్దముక్క అందుకుని నూట మూడు రాశాను.

ఇంతవరకే అయితే చిన్న పాపం. అసలుది ఆ సాయంత్రం జరిగింది. నోట్సు చూసుకుంటే నా రాత బయటపడుతుంది. వాడు హాస్టల్లో స్నానానికి వెళ్ళినప్పుడు దారం విప్పి, ఆ కాగితం తీసేసి, నూట మూడు అని రాసిన కొత్త కాగితం పెట్టి మళ్ళీ కుట్టాను. వాడొచ్చి పట్టిక తీశాడు. చాలాసేపు చూశాడు.

"బావా, ఇక్కడ నూట మూడే ఉంది."

"ఉండక?"

"నేను డెబ్బై మూడని చదివాను. రోజూ చదివాను రా. కళ్ళకి కనబడుతోంది ఇప్పటికీ." నుదురు రుద్దుకున్నాడు. "ఆ నీళ్ళు చూసొచ్చాక నా బుర్రకేదో అయింది."

"రెస్టు తీసుకో," అన్నాను.

ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం నాకే దక్కింది. ఇస్తూ లెక్చరర్ గారు, "ఇకనైనా రీడింగులు పుట్టించకు," అన్నారు. ఆగలేకపోయాను. "మస్తానే కదండీ మీకు చెప్పింది?" అనేశాను.

ఆయన విచిత్రంగా చూశారు. "ఒకడు చెప్పాలా? నీ రికార్డులో ఏ ప్రయోగం చూసినా మూడు రీడింగులూ ఒక్కటే. బ్యూరెట్టు అంత బుద్ధిగా ఎవడి మాటా వినదు. మస్తాన్ తనకి తప్పిపోయిన ప్రాక్టికల్సు చేసుకోనివ్వమని వచ్చాడు. పక్కన నువ్వుంటే ధైర్యంగా ఉంటుందన్నాడు."

ఉత్తరం నా చేతిలోనే ఉంది. గది తలుపు తెరిచే ఉంది, ఆయన నా ముందే ఉన్నారు. ఒక్క మాట చాలు. "అలాగే సార్," అని నమస్కారం పెట్టి వచ్చేశాను. నాకు ద్రోహం చేసినవాడెవడని ఈ ఇరవై అయిదేళ్ళలో ఎన్నిసార్లు వెతికానో! ప్రతిసారీ నేనే దొరికాను.

మస్తాన్ పరీక్షలు రాయలేదు. "చదివింది చదివినట్టు ఉండట్లేదు రా," అన్నాడు. ఇప్పుడు గుడివాడలో బట్టలు కుడుతున్నాడు. మూడేళ్ళ క్రితం చెప్పేద్దామనే వెళ్ళాను. వాడు సంబరపడిపోయి, చొక్కా కుడతానని నా మెడ కొలిచాడు. కొలిచి రాసుకున్నాడు. మళ్ళీ కొలిచాడు. తర్వాత లోపలున్న భార్యని కేకేశాడు: "నువ్వొకసారి చూడవే, నా కొలత మీద నాకు నమ్మకం లేదు." ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, రోజూ చేసే పనిలా టేపు అందుకుని కొలిచింది. వాడు మొదట రాసుకున్నదే సరి.

నేను ఏదో కథ చెప్పాను. ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. టీ తాగి బస్సెక్కాను.

వాడికి ఇప్పటికీ చెప్పలేదు. మీకు చెప్పినంత మాత్రాన వాడికి చెప్పినట్టు కాదని తెలుసు. క్షమించమని అడగడం లేదు, మీరు క్షమించేవారూ కారు. కానీ ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి. మస్తాన్ ఆ రోజు చదివింది డెబ్బై మూడే. సరిగ్గానే చదివాడు. వాడి కళ్ళకీ, బుర్రకీ ఏమీ కాలేదు.

రాశాను.