మూడు చీటీలు, ఒకటే యూనివర్సిటీ

మా అమ్మాయి హారికకి ఎకనామిక్స్ డిగ్రీకి యూరప్‌లో మూడు చోట్ల సీటు వచ్చింది. నెదర్లాండ్స్, ఇటలీ, జర్మనీ. ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి ఖాయం చేసి చెప్పాలి. మా ఇంట్లో ఏది తేలకపోయినా సింహాద్రి అప్పన్న పటం ముందు చీటీలు వేస్తాం. మూడు పేర్లూ రాసి పెట్టమని హారికకే చెప్పాను. దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుని నేనే ఒకటి తీశాను. నెదర్లాండ్స్ వచ్చింది.

తర్వాత పటం దగ్గర పువ్వులు సర్దుతూ మిగతా రెండు చీటీలూ విప్పి చూస్తే, వాటిలోనూ నెదర్లాండ్సే!

“ఏటే ఇది? సామి దగ్గరా నీ యేషాలు?”

“యేషాలు కాదమ్మా. నెల్రోజులు కూకుని అన్నీ సదివాను. అక్కడ లెక్కలు బాగా సెప్తారు. మొదటేడు సరిగ్గా పాసవకపోతే మాత్రం ఇంటికి పంపించేత్తారు.”

“పంపించేత్తే?”

“ఎందుకు పంపిత్తారు? నాను సదువుతాను కదా!”

తడుముకోకుండా అనేసింది. స్వామి ముందు లెంపలు వేయించి, సీటు తీసుకుంటున్నామని మెయిల్ పెట్టమన్నాను.

నేను ఏ చీటీ తీసినా అదే వచ్చేది. అయినా స్వామి మాటగానే తీసుకున్నాను. మీరేమంటారు?