వెన్నపండు పులుసు

1974లో నేను సంగారెడ్డిలో ఎ.ఎన్.ఎం.ని. అంటే ఇల్లిల్లూ తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసే నర్సుని. మాది గుంటూరు వైపు. మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఇక్కడికొచ్చాం. వయసు చిన్నది, నోరు పెద్దది. నాకు తెలియనిది లేదనుకునే రోజులవి.

బజారులో ధాన్యం వ్యాపారం చేసే రాజమ్మగారి కోడలు సుగుణకు ఆరో నెల. తొలి కాన్పు బిడ్డ మరీ తక్కువ బరువుతో పుట్టి, వారం తిరగకుండానే పోయింది. ఈసారీ రెండు నెలలుగా సుగుణ బరువు పెరగలేదు. గర్భిణిని గడప దాటనివ్వరని, ముందరి దుకాణంలో బస్తాలు తూచే కాటా మీదే నిలబెట్టేదాన్ని. అంకె మారకపోతే ఆ పిల్ల నా ముఖంలోకి చూసేది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ దిగులేస్తుంది.

మా క్వార్టర్స్‌లో ఒక బెంగళూరావిడ ఊరి నుంచి బటర్ ఫ్రూట్, అంటే వెన్నపండు, తెచ్చింది. ఇప్పుడు అవకాడో అంటున్నారే, అదే. అందులో మంచి కొవ్వు, కడుపులో బిడ్డ ఎదగడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ అనే విటమిను ఉంటాయనీ, అన్నం ముట్టిన పసివాళ్లకు మెదిపి పెట్టొచ్చనీ చెప్పింది. రెండు కాయలు అడిగి తీసుకెళ్లి రాజమ్మగారికిచ్చాను.

"కోడలికి పెట్టండమ్మా, బలం" అన్నాను. అంతే అన్నాను.

మర్నాడు వెళితే ఆవిడ గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు.

"నువ్వే తిని సూడు నర్సమ్మా! ఏం కాయ గిది? చింతపండేసి పులుసు పెట్టిన. ఒకటే చేదు. పిల్ల మందనుకొని కండ్ల నీళ్లు పెట్టుకుంట తిన్నది."

నోట్లో పెట్టుకున్నాను. వేపాకు నయం. మెత్తబడేదాకా ఆగాలనీ, పొయ్యి మీద పెట్టకూడదనీ నేను చెప్పనేలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అసలు అండ్ల ఏముంటదమ్మా?"

"నూనె ఉంటుందండీ, పల్లీల్లో ఉన్నట్టు. ఆ విటమినూ రెండింట్లోనూ ఉంది."

"పల్లీల లెక్కనా?" ఆవిడ దుకాణంలోని బస్తాల వైపు తిరిగారు. "పైత్యమని దానికి ఒక్క గింజ ముట్టనియ్యలే నేను." పల్లీల బస్తా మీద చెయ్యి వేసి, "పోయినసారి గూడ ముట్టనియ్యలే" అన్నారు.

"ఏం తింటోందని నేనూ అడగలేదమ్మా" అన్నాను.

ఆ రోజు నుంచి పల్లీలు, బెల్లం, ఆకుకూర, నేనిచ్చే ఐరన్ మాత్రలు. పై నెల కాటా మీద అంకె మారింది. సుగుణ నవ్వగా అప్పుడే చూశాను.

ఆడపిల్ల పుట్టింది. నా స్ప్రింగు త్రాసును రాజమ్మగారు నమ్మలేదు. దుకాణం తక్కెడలో మెత్తటి చీర పరిచి పిల్లను పడుకోబెట్టారు. రెండున్నర కిలోలు దాటితే భయం తగ్గినట్టని మా లెక్క. రెండు కిలోల రాయి, మీద అరకిలో రాయి పెట్టినా తక్కెడ పిల్ల వైపే దిగింది.

"మొగ్గు సూసినవా నర్సమ్మా!" అంటూ ఆవిడ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, సంచీ దించకముందే "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగేదాన్ని. సుగుణ తొలి కాన్పుకు వెళ్లిందీ నేనే. ఆ ఒక్క మాట అప్పుడే అడగాల్సింది.