వేడెక్కితే నిలవని బండి

మా ఆయనకు ఆ పాత కారు మీద ఉన్న ప్రేమలో సగం నా మీద ఉండి ఉంటే నేను ఇంకొంచెం ఒళ్లు చేసి ఉండేదాన్ని. అరవైల మొదట్లో నెల్లూరులో పెళ్లిళ్లకు బాడుగకు తిరిగే కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటిలో మాదొకటి. మామూలు రోజుల్లో దానికి పెద్దగా పని ఉండేది కాదు. పెళ్లిళ్లుంటేనే మా ఇంట్లో పొయ్యి సవ్యంగా వెలిగేది.

పెళ్లి బండి చేయాల్సిన పని వేగంగా పోవడం కాదు, మెల్లగా పోవడం. ఎదురుకోలులో పెళ్లికొడుకును ఊరి మొదటి నుంచి విడిదింటి దాకా, బాజాల వెనకే, మనుషుల నడకతో సమానంగా తేవాలి. నాదస్వరం వాళ్లు నిలబడితే బండీ నిలబడాలి, ఇంజను మాత్రం ఆగకూడదు. ఆగితే అపశకునం. ఇంకో అలవాటు కూడా ఉండేది. బాడుగ మాట్లాడే ముందు పెళ్లివాళ్లు బానెట్టు దగ్గర చెవి పెట్టి వినేవాళ్లు. చప్పుడు లేనిదే మంచి బండి అని వాళ్ల లెక్క. మాది టకటకమనేది. ఒక పెద్దమనిషి విని, "ఏందబ్బా, లోపల కుట్టుమిషను పెట్టినావా?" అని నవ్వాడట. మా ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంజనులో వాల్వులను నొక్కే ట్యాపెట్లను బిగించేశారు. చప్పుడు పోయింది. అందరూ మెచ్చుకున్నారు.

రోగం అప్పుడే మొదలైంది. పొద్దున స్టార్టు చేస్తే బుద్ధిగా ఉండేది. వేడెక్కాక కూడా రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ బాగానే ఉండి, నెమ్మదించగానే వణికేది, తడబడేది, ఆరిపోయేది. ఆయన ప్లగ్గులు విప్పి రుద్దారు. కార్బురేటరు కడిగారు. పెట్రోలును పంచెగుడ్డలో వడగట్టారు. పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టారు. ప్రతిసారీ చల్లటి ఇంజనును స్టార్టు చేసి, "కుదిరిపోయినాది మే!" అని నాతో అనేవారు. చల్లగా ఉన్నప్పుడు అది ఎప్పుడు మొరాయించింది గనక! నాకు ఒళ్లు మండేది.

కోవూరులో ఒక మోతుబరి రైతు ఇంటి పెళ్లికి అదే బండితో పోయారు. విడిదింటి వీధి మలుపులో ఆగిపోయింది. హ్యాండిలు తిప్పితే లేచి, మళ్లీ ఆగింది. చివరకు పెళ్లికొడుకు లోపల కూర్చుని ఉండగానే చుట్టాలు దిగి తోశారు. "శుభమా అని వొస్తా ఉంటే ఇదేం శకునమమ్మా" అని ఆడవాళ్లలో ఎవరో అన్నారట. ఆ మాట మా ఆయన కంటే ముందే పెన్న దాటి నెల్లూరు చేరింది.

జబ్బేమిటో ఆ తర్వాత తెలిసింది. ఒకరోజు ఆయన బానెట్టు ఎత్తి, తల పట్టుకుని కూర్చుని ఉంటే నాకు విసుగొచ్చింది. "అది వాగినన్నాళ్లూ బాగానే పోయింది గదయ్యా. నువ్వు దాని నోరు కట్టేసినాకే ఈ పీడంతా" అన్నాను. ఆయన చటుక్కున లేచి స్పానరు అందుకున్నారు. ఇనుము వేడికి సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడే ట్యాపెట్టుకూ వాల్వుకూ నడుమ సందు లేకుండా బిగించేస్తే, సాగాక వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజను బలమంతా అక్కడి నుంచే పోతుంది. వేగంలో అది తెలియదు. మెల్లగా నడిచేటప్పుడే ప్రాణం తీస్తుంది. ఆ సందు ఎంతుందో సన్నటి రేకు దూర్చి చూసుకుంటూ ఆయన ఒక్కో ట్యాపెట్టునూ వదులు చేశారు. టకటక మళ్లీ వచ్చింది. రేడియేటరు కాగేదాకా పెరట్లో ఇంజనును నడుపుతూనే ఉన్నారు. ఆగలేదు. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఎవరికి కావాలి ఆ నవ్వు? తెలిసిన ప్రతి ఇంటికీ పోయి, "బాగైపోయినాదన్నా, వొచ్చి చూడండి" అని చెప్పుకున్నారు. అందరూ తలూపారు. మాఘమాసమంతా మేళాల చప్పుడు వింటూ ఇంట్లో కూర్చున్నాం. ఇంజను రోగం స్పానరుతో కుదురుతుంది, శకునాన్ని ఏం పెట్టి కుదర్చాలి? ఆయన రోజూ కారు తుడిచేవారు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

వైశాఖంలో, మంచి ముహూర్తాలున్న రోజుల్లోనే, జువ్వలదిన్నె నుంచి వచ్చిన ఒకామె మా గుమ్మం ముందు నిలబడింది. పెద్దాసుపత్రిలో ఆమె భర్త ఆ పొద్దున పోయాడు. శవాన్ని బస్సులో ఎక్కించుకోరు. స్టాండులో కార్ల వాళ్లందరూ కాదన్నారు. శవమెక్కిన బండిని ఇక ఏ పెళ్లికీ పిలవరు. అది అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

"మీ బండిని పెళ్లిళ్లకు పిలవడం లేదంట గదన్నా" అంది. ఎత్తిపొడుపు కాదు. ఆశగా అడిగింది.

మా ఆయన లేచారు. తాళం తీసుకుని బయటికి నడిచారు. ఆమె ఒక్కతే శవంతో కూర్చోకూడదని నేనూ ఎక్కాను.

జువ్వలదిన్నె చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఊరు ఊరంతా ఎదురొచ్చి, ఏడుస్తూ బండి ముందు నడిచింది. ఆ ఇసక బాటలో, ఆ ఎండలో, మేమూ వాళ్ల నడకతోనే పోయాం. వాళ్లు నిలబడితే నిలబడ్డాం. కాలిపోతున్న ఇంజను టకటకమంటూనే ఉంది, ఒక్కసారైనా తడబడలేదు. ఆ పెళ్లిలో ఆగింది, ఇక్కడ ఆగి చావకూడదా అనిపించింది నాకు. ఆయన ముఖం చూసే ధైర్యం చాలలేదు.

మర్నాడు ఆయన స్టాండుకు పోతే, ఎప్పుడూ నిలిపే చోట ఇంకొకరి బండి ఉందట. ఎవరూ గొడవ పడలేదు. "నువ్వు ఆసుపత్రి గేటు కాడ పెట్టుకో అన్నా, ఇంక నీకక్కడే బాడుగలు" అని మర్యాదగానే చెప్పారట.