ఆకుపచ్చ ఊలు కట్టిన గిన్నె

డిసెంబరు వస్తే చాలు, టాంపినీస్‌లో మా ఇంటి దగ్గరి మాల్ ముందు సాయంత్రం పూట సబ్బు నురగ ఊదుతారు. దాన్నే మంచు అంటారు. పిల్లలు చేతులు చాపి దాని కింద గెంతుతారు, ఒకరిద్దరు నాలుక చాపి రుచి చూసి మొహం చిట్లించి ఉమ్మేస్తారు. మొన్న శనివారం అటుగా వెళుతుంటే ఆ నురగ నా మోచేతి మీద పడి జిగటగా కరిగింది. చుట్టూ ఉక్కపోత, బట్టల సబ్బు వాసన. నా ముందు ఒక చిన్నపిల్ల ఆ ఉక్కలోనే నెత్తిన ఊలు టోపీ పెట్టుకుని ఎగురుతోంది. అంచున రెండు వరసలు బిగువుగా ఉండి, చెవులు కప్పేలా పక్కలకి దిగిన టోపీ. ఆ అల్లిక ఎవరిదో నాకు తెలుసు. పిల్ల వెనకే వాళ్ళమ్మ పద్మ గారు వచ్చారు. మా పక్క బ్లాకులో ఉంటారు, ఇక్కడి తెలుగువాళ్ళం కలుసుకునే ప్రతి సందడికీ ఆవిడే పెద్ద. "వచ్చే శనివారం మన చలికాలం కబుర్లకి వస్తున్నారుగా సుజాత గారూ? మీ మిరియాల చారు మర్చిపోకండి. పోయినేడు చాలా బాగుంది" అన్నారు. తెస్తానన్నాను. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఒళ్ళు మండిపోయింది. ఆ "చాలా బాగుంది" అన్న మాట మీద నాకెందుకింత కోపమో చెప్పాలంటే, ఆ టోపీ అల్లిన నఫీసా ఆంటీ గురించి చెప్పాలి.

పద్నాలుగేళ్ళ కిందట మా ఆయన ఉద్యోగం కోసం ఈ దేశానికి వచ్చాం. రాజమండ్రిలో కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ ఏ పనీ లేకుండా గోడలు చూస్తూ కూర్చున్నాను. మా అంతస్తులోనే రెండు తలుపుల అవతల నఫీసా ఆంటీ ఉండేవారు. నిజామాబాద్ మనిషి. కొడుకూ కోడలూ పొద్దున్నే ట్రైన్ ఎక్కి వెళ్ళిపోతే, ఆవిడ గుమ్మం ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, జల్లు కాళ్ళ మీద పడుతున్నా లేవకుండా ఊలు అల్లుతూ ఉండేవారు. ఏడాది పొడవునా ఫ్యాను తిరిగే ఊళ్ళో ఒక మనిషి ఊలు టోపీలు అల్లుతుంటే నాకు నవ్వొచ్చింది. "ఇక్కడ ఎవరు పెట్టుకుంటారు ఆంటీ ఇవి?" అని అడిగాను. "ఊరు ఎండదైతే ఏమాయె బేటా, విమానం ఎక్కేటోళ్ళు ఉన్నరు గద" అన్నారు తల ఎత్తకుండానే.

నిజమే, ఇక్కడ మంచు చూడటానికి వెళ్ళడం ఒక పెద్ద వేడుక. డిసెంబరు సెలవుల్లో ఒకరు కొరియా, ఒకరు జపాన్ బయలుదేరతారు. చలిబట్టలు ఎవరింట్లోనూ సరిపడా ఉండవు. ఒకరి కోటు ఇంకొకరు, ఒకరి బూట్లు మరొకరు అడిగి తెచ్చుకుంటారు. టోపీలకీ, చేతి తొడుగులకీ, మఫ్లర్లకీ మాత్రం అందరూ వచ్చేది నఫీసా ఆంటీ గుమ్మానికే. ఆవిడ పిల్లల తల చుట్టుకొలత ఊలు దారంతో తీసుకుని వారంలో అల్లి ఇచ్చేవారు. ఒక్కటే షరతు. "వచ్చినంక ఒక్క చాయ్ తాగేంతసేపు కూసొని చెప్పాలె, మంచు ఎట్లుంటదో." ఆవిడ ఎన్నడూ మంచు చూడలేదు. చూడాలని చాలా ఉండేది, మోకాళ్ళు సహకరించలేదు. అందరూ తల ఊపి టోపీలు పట్టుకెళ్ళేవారు. వచ్చాక ఫోనులో పది ఫోటోలు పంపి, కింద "చాలా బాగుంది ఆంటీ" అని రాసేవారు. చాయ్‌కి వచ్చి కూర్చున్నవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆవిడ టోపీ పెట్టుకుని మంచులో దొర్లినవాళ్ళకి, ఆవిడ ముందు పావుగంట కూర్చోవడానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు తలుచుకున్నా పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

నాకు అల్లిక నేర్పింది ఆవిడే. మంచి గురువు, కానీ మహా కోపిష్టి. ఎక్కడో ఒక కుట్టు జారితే, పైన ఇరవై వరసలు అల్లేసినా సరే, అక్కడిదాకా విప్పించేవారు. "ఎవరికి కనిపిస్తుంది ఆంటీ" అంటే, "నీకు తెల్సు గద" అనేవారు. ఒకసారి ఆవిడ అల్లిన స్వెటర్ చూపించి ఎట్లుంది అని అడిగారు. ఒక చేయి పొడుగ్గా ఉంది. నాకు కనిపించింది కూడా. అయినా అలవాటు కొద్దీ చాలా బాగుందన్నాను. ఆవిడ సూదులు ఒళ్ళో పెట్టేసి, "బాగుంది అంటే నాకేం తెలుస్తది? ఎక్కడ బాగలేదో చెప్పు. నా దగ్గర కూసొని తీపి మాటలు చెప్పకు, నాకు చక్కెర రోగం ఉంది" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట నాకు ఎక్కి ఉంటే తర్వాతి కథ ఉండేది కాదు.

చలికాలం కబుర్లు అని పద్మ గారు మొదలుపెట్టిన కలయిక ఏటా డిసెంబరులో జరుగుతుంది. పక్క బ్లాకు కింద చిన్న హాలు తీసుకుంటాం. మంచు చూసొచ్చినవాళ్ళు ముచ్చట్లు చెబుతారు, చేతిపనులు వచ్చినవాళ్ళు బల్ల మీద పెడతారు, అందరూ తలో వేడి వంటకం తెస్తారు. మాంసం వద్దని మొదటే అనుకున్నాం. అంతదూరం నడవలేనని ఆంటీ రాలేదు కానీ, మొదటి ఏడే మిరియాల చారు చేసి నా చేత పంపారు. మాలో చాలామంది మాంసం ముట్టరని తెలిసి, అందుకోసం విడిగా కొత్త గిన్నె, కొత్త గరిటె కొన్నారు. గిన్నె చెవులకీ గరిటె కాడకీ ఆకుపచ్చ ఊలు చుట్టారు. "ఈ ఊలు ఉన్న గిన్నెల నీసు ఎన్నడూ పడదు, వాళ్ళకు చెప్పు" అన్నారు. మిరియాలు, శొంఠి, జీలకర్ర అప్పటికప్పుడు దంచి చేసిన చారు. లిఫ్టులో ఆ ఘాటుకి నాకు నోరూరింది.

గిన్నె బల్ల మీద పెట్టబోతుంటే పద్మ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "అది కాస్త ఆ పక్కన పెట్టండి. నాకేం లేదు, కొంతమందికి పట్టింపు ఉంటుంది కదా. వాళ్ళ వంటింట్లో ఏమేం వండుతారో మనకేం తెలుసు." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పెద్దకూతురు నెత్తిన ఆంటీ టోపీ ఉంది. చేతిపనుల బల్ల మీద ఆంటీ అల్లిన మఫ్లర్లు ఆరు ఉన్నాయి, అందరూ పట్టుకుని చూస్తున్నారు. గిన్నె తీసుకెళ్ళి నీళ్ళ సీసాల పక్కన, మూలగా పెట్టాను. ఎవరూ అటు రాలేదు. ఏడేళ్ళ మా అమ్మాయి మేఘన కప్పు పట్టుకుని వెళుతుంటే చెయ్యి పట్టి ఆపాను. "వై కాంట్ ఐ? ఇట్స్ నఫీసా ఆంటీస్ లా" అంది ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో. ఇంటికెళ్ళాక తాగుదువులే అన్నాను. నేనూ తాగలేదు. తాగితే నలుగురూ నన్నెలా చూస్తారోనని భయం, అంతకన్నా ఏం లేదు. చివర్లో ఆ చారంతా సింకులో వంపేశాను. గిన్నె కడిగి, ఖాళీ గిన్నె ఇవ్వకూడదని ఇంట్లో ఉన్న చక్కెర పోసి, ఆంటీకి తిరిగి ఇచ్చాను. చక్కెర రోగం ఉన్న మనిషికి చక్కెర. ఆ రోజు నా బుర్ర పనిచేసిన తీరు అదీ. "తాగిండ్రా అందరు?" అని అడిగారు. "చుక్క మిగల్లేదు ఆంటీ, చాలా బాగుందన్నారు" అన్నాను. ఆవిడ మొహం వెలిగింది. మూడేళ్ళు ఇదే జరిగింది. మూడేళ్ళూ అదే మాట చెప్పాను.

నాలుగో ఏడు గిన్నె ఇవ్వడానికి వెళ్ళేసరికి ఆంటీ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మోకాళ్ళ నొప్పితో అంతసేపు నిలబడే మనిషి కాదు. "ఎట్లుండె చారు?" అన్నారు. నేను అలవాటైన పాఠమే చదివాను. ఆ రోజు ఇంకో మెట్టు ఎక్కి, "పద్మ గారైతే రెండోసారి పోయించుకున్నారు ఆంటీ" అన్నాను. ఆవిడ మెల్లగా అన్నారు, "ఉప్పు మర్చిపోయిన బేటా. నువ్వు పోయినంక ఇంట్ల ఒక కప్పు తాగితే తెలిసింది. పొద్దంతా తిప్పలపడ్డ, అందరు ఏమనుకుంటుండ్రో అని. మాఫ్ చేయమని అడుగుదామని నీ కోసమే నిలబడ్డ."

ఆవిడకి అంతా అర్థమైపోయిందని నాకు అర్థమైంది. "ఎవ్వలు తాగలే గద? పోయినేడు సుత తాగలే గద?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. "మరి నువ్వు?" దానికీ అదే జవాబు. అప్పుడు ఆవిడ గొంతు పెరిగింది. "వాళ్ళు తాగకపోతే తాగకపోనీ. వాళ్ళ నోరు, వాళ్ళ ఇష్టం. మొదటి ఏడే చెప్తే నేను సప్పుడు చేయకుండ ఊకుందును. నువ్వు నా బిడ్డ లెక్క నా పక్కన కూసొని, నాకు అబద్ధం ఎందుకు చెప్పినవ్? నాలుగేండ్లు నన్ను పిచ్చిదాన్ని చేసినవ్." బాధపడతారని చెప్పలేదు అన్నాను. "నా బాధ నాది. అది దాచెటందుకు నువ్వెవరు?" గిన్నెలో చక్కెర చూసి, గిన్నె నా చేతిలోకే తోసి తలుపు వేసుకున్నారు. చెవికి చుట్టిన ఆ ఆకుపచ్చ ఊలు నా వేలికి తగులుతూ ఉండగా, ఆ వరండాలో ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

నెల రోజులు ఆ తలుపు నాకు తెరుచుకోలేదు. ఒకరోజు నేను అల్లుతున్న మఫ్లర్ పట్టుకుని వెళ్ళాను. మధ్యలో కుట్టు జారింది, విప్పడానికి మనసు రావట్లేదని చెప్పాను. ఆవిడ కుర్చీ చూపించి, "విప్పు" అన్నారు. నేను విప్పుతుంటే ఆవిడ ఊలు ఉండ చుట్టారు. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను లేవబోతుంటే మాత్రం వంటింట్లోంచి కప్పుతో చారు తెచ్చి నా ముందు పెట్టారు. తాగాను. ఎట్లుంది అన్నారు. "ఘాటు ఎక్కువైంది ఆంటీ, పులుపు చాలలేదు" అన్నాను. "ఇప్పుడు మనిషివైనవ్" అన్నారు.

మరుసటి డిసెంబరు కలయికలో నేను లేచి జరిగిందంతా చెప్పేశాను. నాలుగేళ్ళు చారు సింకులో పోశామని, ఆ ఇంటి గరిటె పనికిరాని వాళ్ళు ఆ ఇంటి టోపీలు కూడా తీసి బల్ల మీద పెట్టండని అన్నాను. "మీరు తాగారా అప్పుడు?" అన్నారు పద్మ గారు. "లేదు. సింకులో పోసింది కూడా నేనే. అందుకే సిగ్గుతో చెబుతున్నాను" అన్నాను. ఎవరూ టోపీలు తీయలేదు. ఎవరూ సారీ చెప్పలేదు. మాటలు వెంటనే కొరియా మంచు మీదికి వెళ్ళిపోయాయి. ఇంటికొచ్చి ఆంటీకి చెబితే, మెచ్చుకుంటారనుకున్నాను. కోప్పడ్డారు. "టోపీలు ఎందుకడిగినవ్? అవి పిల్లలకిచ్చిన. ఇచ్చినయి వాపసు అడగొద్దు." ఆవిడ కోపానికి ఒక హద్దుంది. నాకు ఇప్పటికీ ఆ హద్దు చేతకాదు.

ఆ సెలవుల్లోనే మేమూ మంచు చూడటానికి వెళ్ళాం. తిరిగొచ్చిన రోజే పెట్టె కూడా విప్పకుండా ఆంటీ ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. "ఎట్లుంది మంచు?" అన్నారు. అంత బాగాలేదన్నాను. సాక్సులు తడిసి వేళ్ళు మొద్దుబారాయని, రోడ్డు పక్కన బురదలా నల్లగా ఉందని, మేఘన ముక్కు కారుతూనే ఉందని, కానీ ఒక పొద్దున తలుపు తీస్తే ఊరంతా చప్పుడు లేకుండా తెల్లగా ఉందని, ఆ నిశ్శబ్దానికి ఏడుపొచ్చిందని చెప్పాను. మూడు చాయ్‌లు అయ్యాయి. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. "చాలు, నేను పోయొచ్చిన" అన్నారు చివర్లో.

నఫీసా ఆంటీ పోయి రెండేళ్ళయింది. గిన్నె నా దగ్గరే ఉంది. ఊలు మాసిపోతే అదే రంగుది కొత్తది చుట్టాను. ఏటా ఆవిడ పద్ధతిలోనే చారు కాచి, ఆ గిన్నెలోనే తీసుకెళ్ళి బల్ల మధ్యలో పెడతాను, మూలన కాదు. ఆ గిన్నె ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. చారులో ఉప్పు మాత్రం వేయను. ఉప్పు డబ్బా నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. తాగినవాళ్ళు వచ్చి ఉప్పేదని అడుగుతారు, ఇస్తాను. పోయినేడు ముగ్గురు అడిగారు. మిగతావాళ్ళంతా చాలా బాగుందన్నారు.