ఇప్పపూలు ఏరుకో అన్నది నేనే

ఆ అమ్మాయి తల తిప్పి చూసింది. ఏదో తప్పు జరిగిపోయిందని నాకు మొదట అనిపించింది సరిగ్గా అప్పుడే.

అప్పటిదాకా గ్రౌండంతా హిందీలో అరుస్తోంది. "బదలో! బదలో!" అని, ఆమెను మార్చేయమని. ఆమె ఒక్కసారి కూడా అటు చూడలేదు. మధ్యలో మట్టిదిబ్బ మీద నిలబడి, బంతిని గ్లవ్‌లో తిప్పుకుంటూ, చుట్టూ ఎవరూ లేనట్టే ఉంది. అప్పుడు నేను తెలుగులో ఒక్క మాట అరిచాను. ఆ ఒక్క మాటకి తల తిప్పింది. ఆమె కళ్ళు మెట్ల వరసలన్నీ వెతుక్కుంటూ వచ్చి మా వరస దగ్గర ఆగిపోయాయి. భాష తెలియనివాళ్ళు అలా వెతకరు.

ఇది జరిగి కొన్ని వారాలైంది. పిల్లలిద్దరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. గ్రౌండులో జనం మీదా, మా ఆయన మీదా, గేటు దగ్గర కాపలావాడి మీదా. చివరికి తిరిగి తిరిగి నా దగ్గరకే వస్తోంది.

మాది బస్తర్‌లో ఇనుప గనుల టౌన్‌షిప్. పెళ్ళై ఆంధ్రా నుంచి వచ్చి తొమ్మిదేళ్ళైంది. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఒక అలవాటుంది. బయట ఎవరి గురించైనా ఏదైనా అనాలంటే తెలుగులో అనేస్తాం. సంతలో టమాటాలు అమ్మే ఆమె ఎదురుగానే "పుచ్చువన్నీ అడుగున పెట్టింది, పద పద" అనుకుంటాం. బస్సులో పక్క సీటాయన గురక గురించి ఆయన చెవి పక్కనే జోకులేసుకుంటాం. ఎవరికీ అర్థం కాదని ధీమా. పిల్లలకి కూడా నేనే నేర్పాను. "ఎవరి గురించైనా చెప్పాలంటే హిందీలో చెప్పకూడదమ్మా, తెలుగులో చెప్పు" అని. అదేదో మర్యాద నేర్పుతున్నట్టు.

పామేడు, బాసగూడ, మద్దేడు. ఈ పేర్లు బస్సు బోర్డుల మీద రోజూ చదువుతూనే ఉంటాను. తెలంగాణ సరిహద్దులో ఉన్న ఆ ఊళ్ళలో తెలుగు మాట్లాడతారని నాకు తెలుసు. డిగ్రీ చదివినదాన్ని, మ్యాపు చూడ్డం రాక కాదు. కానీ నోరు తెరిచేటప్పుడు ఆ మ్యాపు గుర్తు రాదు.

ఆ శనివారం మా గ్రౌండులో ఆడపిల్లల బేస్‌బాల్ పోటీ, రెండు రోజులు, రోజుకో మ్యాచ్. బస్తర్ జట్టుకి, రాయ్‌పూర్ వైపు నుంచి వచ్చిన జట్టుకి. మా జట్టు పిల్లలు మూడు నెలలుగా మా కాలనీకి రెండు వీధుల అవతల, స్కూలు హాస్టల్లో ఉండి ప్రాక్టీసు చేస్తున్నారు. నా కూతురికి ఎనిమిదేళ్ళు. రోజూ సాయంత్రం గ్రౌండు కంచె పట్టుకుని వాళ్ళనే చూస్తుంటుంది. అందులోనూ ఏడో నంబరు చొక్కా వేసుకునే అమ్మాయిని. ఆమె పిచర్, అంటే బంతి విసిరేది. మా పిల్ల కూడా ఆమెలాగే ఒక కాలు ఎత్తి, మేజోళ్ళు ఉండచుట్టి, మా గోడకేసి కొడుతుంది. గోడ మీద సున్నం రాలిపోయింది.

నాకు ప్రతిదానికీ భయం. ఆ రోజు కూడా బోలెడు భయాలు మూటగట్టుకుని వెళ్ళాను. బంతి ఎగిరొచ్చి పిల్లల తలకి తగులుతుందేమోనని పై వరసలో కూర్చోబెట్టాను. పై వరసకి కమ్మీ లేదని ఒకరిని ఒడిలో, ఒకరిని పక్కన పట్టుకున్నాను. ఐదేళ్ళ పిల్లాడికి ఎర్ర దుమ్ము పడదు, ముక్కుకి రుమాలు కట్టాను. కాచి చల్లార్చిన నీళ్ళు, టోపీలు, మందు సీసా. అన్నిటికీ జాగ్రత్త పడ్డాను, నా నోటికి తప్ప.

చివరి ఇన్నింగ్స్ దాకా మనమే ముందున్నాం. అక్కడే ఏడో నంబరు గురి తప్పడం మొదలైంది. ఈ ఆటలో నాలుగు బంతులు గురి తప్పితే అవతలి అమ్మాయి బ్యాటు కదపకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. ఒకరు నడిచారు. రెండోవారు నడిచారు. మూడోవారూ నడిచారు. మూడు బేస్‌లూ నిండాయి. ఇక నడిచిన ప్రతిసారీ వాళ్ళకి ఒక రన్ను ఊరికే వస్తుంది.

మా జనానికి తెలిసింది క్రికెట్టే. బంతి పక్కకి పోయినప్పుడల్లా చేతులు బార్లా చాపి "వైడ్! వైడ్!" అని అంపైర్లైపోయారు. కింద వరసలో ఒకాయన, "స్పిన్నర్‌ని పెట్టండయ్యా!" అన్నాడు హిందీలో. జనం నవ్వారు. తర్వాత ఈలలు, తర్వాత "బదలో! బదలో!" వాళ్ళంతా మన పిల్లల్ని గెలిపించడానికి వచ్చినవాళ్ళే. అవతలి జట్టుని ఒక్కరూ ఏమీ అనలేదు.

నా పక్కన పక్క క్వార్టర్ పిన్ని. శ్రీకాకుళం ఆవిడ. మూతి తిప్పి, "ఏటే ఆ ఇసురుడు, పెళ్ళిలో అక్షింతలు జల్లినట్టు!" అంది.

మా వరసలో తెలుగువాళ్ళందరం పడి పడి నవ్వాం. నిజం చెప్తున్నాను, నాకు కోపం కంటే ముందు ఆ నవ్వు కావాలనిపించింది. పిన్ని కంటే మంచి మాట నేననాలి. పొద్దుటి నుంచి ఎండలో, దుమ్ములో, పిల్లల్ని పట్టుకుని కూర్చున్న విసుగంతా ఆ పిల్ల మీద చూపిస్తే పోతుందనిపించింది. ఒళ్ళో పిల్లాణ్ణి దించి, లేచి నిలబడి అరిచాను.

"చేతకాకపోతే ఊరికెళ్ళి ఇప్పపూలు ఏరుకోవే!"

మా వరస మళ్ళీ నవ్వింది. పిన్ని నా వీపు మీద చరిచింది. "అమ్మ బాబోయ్, గట్టిదానివే!"

అప్పుడు ఆ అమ్మాయి తల తిప్పింది.

నేను కూర్చున్నాను. కానీ నా కొడుకు అప్పటికే అందుకున్నాడు. రుమాలు కిందికి లాగేసి, "ఇప్పపూలు! ఇప్పపూలు!" అని గంతులు. మెట్ల మీది పిల్లలందరూ పట్టుకున్నారు. తెలుగు ముక్క రాని పిల్లలు కూడా, ఆ శబ్దం బాగుందని, చప్పట్లతో. నేను వాడి నోరు మూశాను. నాకందింది వాడి నోరొక్కటే.

తర్వాత ఆమె వేసిన బంతుల్లో ఒక్కటీ గురికి రాలేదు. రన్నులు నడిచొచ్చాయి. కోచ్ ఆమెను తీసేసి ఇంకొకరిని పెట్టాడు. ఓడిపోయాం.

జనం పల్చబడ్డాక గేటు పక్కన నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. పిల్లాడు దగ్గుతున్నాడు, సీసాలో నీళ్ళైపోయాయి. డ్రమ్ము దగ్గర ఏడో నంబరు. జట్టందరి సీసాలూ నింపుతోంది. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. నా కూతురు అప్పటికే ఆమె ముందు నిలబడిపోయింది, దేవుణ్ణి చూసినట్టు.

ఆమె తలెత్తింది. "అక్కా, మీది ఏ ఊరు?" అంది తెలుగులో.

చెప్పాను.

"మాది పామేడు దిక్కు. మూడు నెల్ల సంది ఈడనే ఉంటున్న. తెలుగు వినుడే లేదు. క్యాంపుల అంత హిందీ, గోండి." సీసా మూత బిగించింది. "ఇయ్యాల మీరు అరిస్తేనే విన్న."

"ఏదో ఆటలో... ఊరికే అన్నాను" అన్నాను.

"ఏం గాదక్కా. మా అమ్మ గూడ గదే అంటది. ఇప్పపూలు రాలే టైముకు రా, ఇంట్ల చేతులు తక్కువున్నయి అని. ఈ ఆట కానియ్యి, గెలుస్తే నన్ను ఉండనియ్యాలె అని చెప్పి వచ్చిన." ఇంకో సీసా డ్రమ్ములో ముంచింది. "మా మామ ఆట చూడనీకి వచ్చిండు. గా మెట్ల మీదనే కూసున్నడు. మీ మాట ఆయన గూడ విన్నడు. సూసినవా, కాలనీ ఆడోళ్ళు గూడ గదే అంటున్నరు, రేపు పొద్దుగాల ఏడింటి బస్సుకు పోదాం నడువు అన్నడు."

"రేపు తొమ్మిదింటికి ఇంకో మ్యాచ్ ఉంది కదా?"

"ఉన్నది." అంతే. సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని భుజానికెత్తుకుంది. పోతూ పోతూ నా కొడుకు దగ్గు విని, "బాబుకు నీళ్ళు తాపుండ్రి" అంది.

ఇంటికొచ్చేదాకా నా కూతురు ఒక్కటే అడిగింది. "అమ్మా, ఆ అక్కకి తెలుగొచ్చా? అన్నీ అర్థమయ్యాయా?" నేను "నడు, ఎండ" అన్నాను. ఎండ ఎప్పుడో వాలిపోయింది.

స్నానం చేయిస్తుంటే పిల్లాడు చెంబుతో లయ కొడుతూ మళ్ళీ "ఇప్పపూలు! ఇప్పపూలు!" గట్టిగా ఒక్కటి వేశాను. వాడు ఏడవలేదు, తెల్లబోయి చూశాడు. నువ్వు అంటే అందరూ నవ్వారు, నేనంటే కొడతావా అన్నట్టు.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే అంతా చెప్పాను.

"ఆటన్నాక అరవరా?" అన్నాడు. "పెద్ద పెద్ద ఆటగాళ్ళకే తప్పదు. అది తట్టుకోలేనివాళ్ళు ఆటలోకెందుకు రావడం?"

"ఆ పిల్లకి పదహారో పదిహేడో ఉంటాయండీ."

"నువ్వు మరీ ఇదవుతావు. ప్రతిదీ నీ వల్లే అనుకుంటావు." టీవీ పెట్టాడు. అందులో క్రికెట్. అవుటైన వాడెవణ్ణో తిడుతూ సోఫాలో కూర్చున్నాడు. మామూలుగా అయితే ఆయన అన్నదే నిజం, నేను ప్రతిదానికీ ఎక్కువ భయపడతాను. ఈ ఒక్కసారి భయం ఎక్కువేమీ కాదని ఆయనకెలా చెప్పాలో తెలియలేదు.

పులిహోర కలిపి డబ్బాలో పెట్టి, కూతుర్ని తీసుకుని హాస్టలు గేటు దగ్గరికి నడిచాను. మూడు నెలల్లో ఒక్కసారి కూడా నడవని రెండు వీధులు. నడిస్తే పది నిమిషాలు కూడా పట్టలేదు, అదొక మంట.

కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. "ఆరు దాటింది మేడమ్. మిల్నా బంద్."

"ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను."

"రేపు రండి."

"అయితే ఈ డబ్బా ఇవ్వండి, ఏడో నంబరు అమ్మాయికి."

"బాహర్ కా ఖానా మనా హై." బయటి తిండి కూడా కుదరదు. కానీ వాడికి మాటల సరదా. "ఏడో నంబరా? ఆమె సామాను సర్దుకుంటోంది. పొద్దున మామ వస్తాడట. కోచ్ సాబ్ ఆగమంటున్నాడు, ఆమె ఏం చెప్పట్లేదు. మీకేమవుతుంది?"

"ఏమీ కాదు" అన్నాను. నా కూతురు నా మొహం వైపు చూసింది.

డబ్బా అలాగే వెనక్కి వచ్చింది. మా ఆయన తిని, బాగుందన్నాడు.

పొద్దున్నే ఆరుకి పిల్లలిద్దర్నీ లేపాను. ఆదివారం ఆరుకి ఎందుకని ఇద్దరూ మూలిగారు. పాల గ్లాసులు చేతికిచ్చి, వంటింట్లో నేల మీద వాళ్ళ ఎదురుగా కూర్చున్నాను. రాత్రంతా మంచి మాటలు చాలా అనుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నిన్న ఆ మాట ముందు అన్నది నేను" అన్నాను. "మీరు నా దగ్గర నేర్చుకున్నారు. నిన్ను కొట్టడం కూడా తప్పే, నాన్నా."

పిల్లాడు పాలమీగడ మూతితో తలూపాడు.

"ఎవరి గురించైనా చెప్పాలంటే తెలుగులో చెప్పండని కూడా నేనే అన్నాను. ఇక అలా వద్దు. వాళ్ళకి అర్థమయ్యేలా అనలేని మాట ఏ భాషలోనూ అనద్దు."

"మరి ఇప్పుడు గ్రౌండుకి వెళ్తున్నామా?" అంది కూతురు. "మ్యాచ్ తొమ్మిదికి కదా?"

"ముందు బస్టాండుకి వెళ్దాం. ఏడింటి బస్సు దగ్గరికి. అక్కడ ఆ అక్క లేకపోతే ఆడడానికి ఆగిపోయిందన్న మాట, నేరుగా గ్రౌండుకి పోదాం. బంతి ఎటు పోయినా నోరు మూసుకుని కూర్చుందాం."

"ఉంటే?"

"ఉంటే వాళ్ళ మామ ముందే చెప్తాను. నిన్న అరిచింది నేనే, ఈ ఆట గురించి నాకేమీ తెలియదు, మీ పిల్లని నా మాట పట్టుకుని తీసుకెళ్ళకండి అని. మీరు నా చేతులు పట్టుకుని నిలబడండి, చాలు. చెప్పులేసుకోండి."