మా పాప పెళ్లిలో మైకు

పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని, పదిమంది ముందు ప్రమాణం చెప్పుకునే పెళ్లిని మా ప్రొద్దుటూరు వైపు స్టేజీ పెళ్లి అంటారు. దానికి మైకు పట్టుకుని నిలబడి, ప్రమాణం చెప్పించి, ఇక వీళ్లిద్దరూ భార్యాభర్తలని ప్రకటించే పెద్దమనిషి ఒకడు కావాలి. నలభై ఏళ్లకు పైగా ఆ మనిషిని నేనే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మధ్యలో ఉన్న పల్లెలు, ఎక్కడ స్టేజీ పెళ్లి జరిగినా కబురు నాకే వచ్చేది. ఎన్ని చేశానో లెక్క పెట్టుకోలేదు గాని ఏదీ మరిచిపోలేదు. ఏ పెళ్లిలో గాలికి షామియానా లేచిపోయిందో, ఏ పెళ్లికొడుకు చెప్పులు పోగొట్టుకుని మామగారి చెప్పులతో ఇల్లు చేరాడో, ఏ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైందో ఇప్పటికీ చెప్పగలను.

నా బడి చదువు ఐదో తరగతితో సరి. మిగతాదంతా ప్రెస్సులో వచ్చింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే పని నాది. ఎక్కువగా పెళ్లిపత్రికలే. ఒక పత్రిక అచ్చయ్యాక ఆ అక్షరాలను విప్పేవాళ్లం కాదు. దారం చుట్టి అట్లాగే పక్కన పెట్టి, తరువాతి పెళ్లి వచ్చినప్పుడు పేర్లూ ఊరూ తేదీ మాత్రం తీసి కొత్తవి పెట్టేవాళ్లం. స్టేజీ మీద నా ఉపన్యాసం కూడా అలాంటిదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేట్టు చేసిన మనిషి మీద నాకు ఇప్పటికీ కడుపుమంటే. దాచుకునే వయసు కాదు నాది, చెప్తాను.

ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. ఆమె పెళ్లి చేసిందీ నేనే. కొన్నేళ్ల కిందట నేను జ్వరంతో పడుకున్న రోజున, తోటి టీచరు కూతురి పెళ్లికి వేరే దిక్కులేక ఆమె మైకు అందుకుంది. ఆ జ్వరం ఒక్క వారం ఆగి వచ్చి ఉంటే ఏం పోయేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ తరువాత కబుర్లు ఒక్కొక్కటే ఆమె వైపు తిరిగాయి. నాకు మైకు అద్దెకిచ్చే భాయ్ అంగడి దగ్గర నిలబడి ఒకరోజు అడిగాను.

"ఏం భాయ్, పులివెందుల పెండ్లికి నీ మైకే పోతాందంట కదా. చేసేదెవరు?"

"టీచరమ్మే, పెద్దాయనా."

"నన్నెందుకు పిల్చల్యా?"

"అడిగినావు కాబట్టి చెప్తాండా, ఏమనుకోవద్దు. నీ స్పీచి నాకు నోటికొచ్చు. నువ్వు సభకు నమస్కారం అనంగానే నేను పోయి టీ తాగుతా. నువ్వు ముగిస్తున్నాను అనే యాళకు వస్తా. ఆయమ్మది ఏ పెండ్లికా పెండ్లి కొత్తది. టీ తాగేదానికి పోబుద్ధి కాదు."

ముప్పై ఏళ్లుగా నా ఉపన్యాసం వింటున్నాడనుకున్న మనిషి టీ తాగుతున్నాడని అప్పుడు తెలిసింది. 

అప్పటికి మా మనవరాలి పెళ్లి ఖాయమైంది. కొడుకు కూతురు, మా ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్ల, అందరం పాప అనే పిలుస్తాం. జమ్మలమడుగు అబ్బాయిని ఇష్టపడింది, రెండు వైపులా ఒప్పుకున్నారు, స్టేజీ పెళ్లే అనుకున్నారు. నాకు పట్టరాని సంతోషం. ఎవరెవరి పిల్లలకో చేశాను, నా పిల్లకు నేను చేసే పెళ్లి ఇదొక్కటే. కొత్త పంచె ఇస్త్రీ చేయించుకున్నాను. ఉపన్యాసం కూడా కొత్తగా రాయడం మొదలుపెట్టాను. అప్పుడు పాప వచ్చి నా కుర్చీ పక్కన కూర్చుంది. మా వైపు తండ్రిని కన్న తండ్రిని జేజినాయన అంటారు, నాయనమ్మను జేజి అంటారు.

"జేజినాయనా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు."

"చెప్పు పాపా."

"పెండ్లి టీచరమ్మతో చేయించుకుంటాం."

"యాందుకు? నేను సచ్చిపోయినానా?"

"అట్లంటావేంది! నువ్వు ముందు వరసలో కూర్చోవాల. పెండ్లి చేసేటోళ్లు వేరే ఉండాల."

"నీ గురించి ఆమెకేం తెలుసు? నా కంటే ఎక్కువ తెలుసా?"

"ఏమీ తెలీదు. అందుకే అడుగుతాది," అంది పాప.

మా ఆవిడ వంటింట్లోంచి, "పిల్ల పెండ్లి అది, నీ మీటింగు కాదు," అని కేకేసింది.

పులివెందుల పెళ్లికి పోయాను. పెళ్లికూతురి చిన్నాన్న నాకు తెలిసినవాడు, పిలుపు ఉంది. లేకపోయినా పోయేవాణ్నే. తప్పులు పట్టడానికే పోయాను, చివరి వరసలో కూర్చున్నాను. టీచరమ్మ గొంతు పెద్దది కాదు. కాగితం చూసి మాట్లాడుతుంది, కళ్లజోడు జారితే ఎగదోసుకుంటుంది. ఈ మాత్రానికేనా అనుకుంటుండగా ఆమె ఇలా అంది:

"ఈ పెండ్లికూతురు, వాళ్ల నాయన కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా, మొదటి రెండు రోజులు ఆయన్ను ఏమండీ అని పిలిచేదంట. మూడో రోజు నుంచి నాయనా అనేది. అబ్బాయ్, నీతో కూడా మొదట్లో కొత్త చేస్తాది. రెండు రోజులు టైమియ్యి."

జనం గొల్లున నవ్వారు. పెళ్లికూతురి తండ్రి మాత్రం భుజం మీది తువ్వాలు తీసి ముఖం మీద పెట్టుకున్నాడు. తరువాత ఇద్దరూ ఎవరి మాటల్లో వాళ్లు ప్రమాణం చెప్పారు. కూర బాగాలేకపోతే ముఖం మాడ్చనని పెళ్లికొడుకు అన్నాడు, మాడిస్తే రేపటి నుంచి నువ్వే చెయ్యి అని పెళ్లికూతురు మైకులోనే అంది. మొత్తం మీద అరగంట పట్టలేదు. నేను భాయ్‌ని వెతికి పట్టుకున్నాను. నిజంగానే టీ తాగడానికి పోలేదు వాడు.

"ఇవన్నీ ఆమెకు యాడ దొరుకుతాయి భాయ్?"

"దాంట్లో రహస్యమేముంది పెద్దాయనా? వంటింట్లోకి పోతాది. వాళ్లతో పాటు కూర్చోని కూరగాయలు తరుగుతాది. ఆడోళ్లు అన్నీ చెప్తారు."

ఆ మాట నాకు సూదిలా దిగింది. నేనూ పెళ్లికి ముందు పెళ్లివారింటికి పోయేవాణ్నే. మర్యాద చాలా చేసేవాళ్లు. వరండాలో కుర్చీ వేసి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి, తండ్రీ పెదనాన్నలూ చుట్టూ కూర్చుని వంశం సంగతి చెప్పేవాళ్లు. తాత సర్పంచి, పదెకరాల చీనీ బత్తాయి తోట, పిల్ల బంగారం లాంటిది. అదే నేను స్టేజీ మీద చెప్పేవాణ్ని. పెళ్లికూతురు గడప అవతల ఎక్కడో ఉండేది. మగవాణ్ని, గడప దాటితే మర్యాద కాదు. ఆమెకు ఆ అడ్డం లేదు. నలభై ఏళ్లు నేను బయట కాఫీ తాగిన ఇళ్లల్లోకి ఆమె చెప్పులు విప్పి నేరుగా లోపలికి పోతుంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఈ పనికి దిగాలనుకునే చిన్నవాళ్లు కొందరు నన్ను అడుగుతుంటారు కాబట్టి నాకు తెలిసినవి ఇక్కడే చెప్తాను. ప్రమాణం అయ్యేదాకా నాయకుల చేతికి మైకు ఇవ్వొద్దు, ఇస్తే తిరిగి రాదు. పెళ్లికొడుకు తండ్రి ఆస్తి గురించి ఒక్క మాట కూడా అనొద్దు, పక్కనే వాళ్ల అన్నదమ్ములు కూర్చుని ఉంటారు. ప్రమాణం జరిగే ఆ పది నిమిషాలు ఫొటోలవాళ్లను కూర్చోబెట్టండి. భోజనాల వాసన వచ్చేలోగా ముగించండి. పెళ్లి అయ్యాక ఆఫీసుకు పోయి రిజిస్టరు చేయించే పూచీ కూడా మీదే అనుకోండి. ఇవి నావి. ప్రమాణం ఎవరికి వాళ్లే రాసుకోవాలనేది, పెళ్లికూతురితో ఒంటరిగా మాట్లాడకుండా స్టేజీ ఎక్కొద్దనేది మాత్రం నావి కావు. ఎవరివో చెప్పక్కర్లేదు.

పాప పెళ్లికి పది రోజుల ముందు టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. "బాగుండావా మామా?" అని పలకరించి లోపలికి పోయింది. నేను మా ఇంటి వరండాలోనే, నా కుర్చీలోనే, పరాయివాడిలా కూర్చున్నాను. పేపరు తెరిచాను గాని ఒక్క పేజీ తిప్పలేదు. లోపల చిక్కుడుకాయలు తుంచుతున్న చప్పుడు, కోడలి మాట, పాప మాట, ఉన్నట్టుండి మా ఆవిడ నవ్వు. అట్లా నవ్వుతుందని నాకు తెలియదు. ఏం చెప్పి నవ్వుతోందో వినబడలేదు. గంట తరువాత టీచరమ్మ బయటికి వచ్చి, మెట్టు మీద కూర్చుని పెన్ను మూత తీసింది.

"మామా, పాప గురించి నువ్వొకటి చెప్పు. నీకొక్కనికే తెలిసింది."

నాకొక్కడికే తెలిసింది ఉంది. అడిగిన క్షణంలోనే గుర్తుకు వచ్చింది.

పాప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, సెలవుల్లో, పులివెందులలో ఒక పెళ్లికి వెంట తీసుకుపోయాను. స్టేజీ మీద నేను పెళ్లికూతుర్ని, "ఈ పెళ్లి నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగాను. మా వైపు పెళ్లికూతుర్లు నోరు విప్పరు. తల ఊపుతారు. వాళ్లకు ధైర్యంగా ఉంటుందని ముందు నేను ఊపుతాను. అది నాకు అలవాటు. ఆ రోజూ ఊపాను, జనం చప్పట్లు కొట్టారు. స్టేజీ ముందు కింద కూర్చున్న పాప గట్టిగా అరిచింది:

"జేజినాయనా, ఆయక్క తల ఊపల్యా! నువ్వే ఊపినావు!"

అందరూ నవ్వారు. పెళ్లికూతురు నవ్వలేదు. నేను మాత్రం భార్యాభర్తలని ప్రకటించి కిందికి దిగాను. తిరుగు బస్సులో ముద్దనూరు వచ్చేదాకా పాపతో మాట్లాడలేదు. ముద్దనూరు బస్టాండులో ఉడకబెట్టిన శనక్కాయలు కొనిచ్చాను. అది ఒలుచుకుంటూ, "అయితే ఆయక్కకు ఇష్టం ల్యాదా?" అని అడిగింది. "తిను," అన్నాను. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ పెళ్లికూతురు ఇప్పుడు ఎట్లా ఉందో తెలియదు. టీచరమ్మ పెళ్లిలో కూడా దండలు ఏ పూలవో, ఎవరెవరు వచ్చారో చెప్పగలను. ఆమె తల ఊపిందా లేదా అంటే చెప్పలేను.

పాప ఎలాంటిదో ఈ ఒక్క ముక్కలో ఉంది. చూసింది చూసినట్టు అంటుంది, ఎదుట ఎవరున్నా సరే. అది టీచరమ్మకు చెప్తే స్టేజీ మీద ఎంత బాగా చెప్తుందో నాకు ముందే వినబడింది. ఎక్కడ ఆగుతుందో, జనం ఎక్కడ నవ్వుతారో కూడా వినబడింది. చప్పట్లన్నీ ఆమెకు. తప్పు మాత్రం నాది. నా పెళ్లిళ్లన్నీ తీసుకుంది, ఇది కూడా ఇవ్వాలా?

"ఏముందమ్మా, మంచి పిల్ల. పెద్దల మాట వింటాది," అన్నాను.

ఆమె నా ముఖం వైపు చాలాసేపు చూసింది. కాగితం మీద ఏమీ రాయలేదు. "ఇంకేమన్నా గుర్తుకొస్తే ఫోన్ చెయ్యి మామా," అని మూత పెట్టుకుంది. పది రోజుల్లో ఫోను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో, అన్నిసార్లూ పక్కన పెట్టాను.

పెళ్లి జమ్మలమడుగులో, ఫంక్షన్ హాల్లో. గండికోట మీద తీయించుకున్న ఫొటోలు తెర మీద తిరుగుతున్నాయి. కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. టీచరమ్మ అబ్బాయి వైపు వాళ్లు చెప్పినవి చెప్పింది. తరువాత పాప సంగతులు. వాళ్ల అమ్మ చెప్పింది ఒకటి, నాయన చెప్పింది ఒకటి. తరువాత మా ఆవిడ చెప్పింది.

"జీతం వచ్చిన రోజు ఈ పాప మొదట చేసే పని, జేజి ఫోనుకు రీచార్జి. ఆ ఫోన్లో జేజి నెలంతా చెప్పేది జేజినాయన మీద కంప్లయింట్లే!"

హాలంతా నా వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వినట్టు పెదవులు కదిలించాను. టీచరమ్మ కాగితం తిప్పింది. పాప అప్పుడు కళ్లెత్తి నా వైపు చూసింది. ఇక నేను చెప్పింది వస్తుందని ఎదురుచూస్తోందని నాకు అర్థమైంది. టీచరమ్మ మాత్రం, "ఇష్టమేనా అని ఈడ నేను అడగను. ఇంట్లోనే ఒక్కొక్కరినీ అడిగినా. మీకు వాళ్లే చెప్తారు," అని మైకు పాపకిచ్చింది. పాప తల ఊపలేదు. "నాకిష్టం," అని గట్టిగా చెప్పింది. ఆ మాట నా ప్రశ్నకు జవాబుగా నేను వినాల్సింది.

భోజనాల దగ్గర పాప, అబ్బాయి నా దగ్గరికి వచ్చారు. పక్క బల్ల దగ్గరే టీచరమ్మ పాయసం తింటోంది.

"జేజినాయనా, టీచరమ్మ నిన్ను అడిగిందంట కదా. నువ్వు నా గురించి ఏం చెప్పలేదా?"

"గుర్తుకు రాల్యా పాపా."

పాప కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. ముఖం చిన్నదై, నా చెయ్యి పట్టుకుని నిమిరింది. నా వైపు కాకుండా అబ్బాయి వైపు తిరిగి, "జేజినాయనకు శానా జ్ఞాపకం ఉండేది. ఈ మధ్య మతిమరుపు మొదలైనట్టుంది. నీ అంగట్లో ఏమన్నా మందుంటే చూడు," అంది. అబ్బాయికి మందుల అంగడి ఉంది.

"మాత్రలుండాయిలే తాతా, రేపే పంపిస్తా," అన్నాడు అబ్బాయి గట్టిగా, నాకు చెవుడు కూడా వచ్చినట్టు.

టీచరమ్మ చెంచా ఆగింది. ఆ రోజు మెట్టు మీద కూర్చుని నా ముఖం చూసిన మనిషి. నాకు గుర్తుకొచ్చిందనీ, కావాలనే చెప్పలేదనీ ఆమెకు తెలుసు. ఒక్క మాట అని ఉంటే ఆమెను జీవితాంతం హాయిగా తిట్టుకునేవాణ్ని. ఆమె మాత్రం తల వంచుకుని పాయసం తిన్నది.

మాత్రలు చెప్పినట్టే వచ్చాయి. రోజూ పొద్దున టిఫిను కాగానే మా ఆవిడ నీళ్ల చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. మింగి నోరు తెరిచి చూపించేదాకా కదలదు.